కుక్క ఉన్న ఇంట్లోకి పిల్లి వస్తోందటగా

అమ్మడూ,

అల్లుడు పిల్లిని తెస్తున్నాడని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కుక్క తప్ప ఇంకోటి ఇంట్లోకి రాకూడదని చిన్నప్పట్నుంచీ గొడవ చేసినదానివి, సరే అన్నావంటే ముచ్చటేసింది, ఫోన్ పెట్టేశాక భయమేసింది.

మామూలువి నీకు తెలిసినవే. మొదట్లో పిల్లిని వేరే గదిలో ఉంచు, ఒకదాని దుప్పటి ఇంకోదాని దగ్గర వేసి వాసన అలవాటు చెయ్యి, ఎదురుపడేటప్పుడు కుక్కకి లీష్ ఉండాలి, పిల్లికి ఎక్కి కూర్చోడానికి ఎత్తులో చోటుండాలి. పిల్లి దొడ్డికెళ్లే లిట్టర్ బాక్స్ కుక్క మూతికి అందకూడదు, అందితే ఏం తింటుందో నేను చెప్పక్కర్లేదు.

కుక్కలు గొప్పా పిల్లులు గొప్పా అని మీరిద్దరూ ఎంతైనా కొట్టుకోండి గానీ, కుక్కని పెంచిన అనుభవం ఉందిగా అని మాత్రం ధీమా పడకు. కుక్క తోకూపితే సంతోషం, పిల్లి తోక అటూఇటూ కొడుతుంటే చెయ్యి తీసెయ్. కుక్క ఒకపూట తినకపోతే పెద్దగా పట్టించుకోం, పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే లివర్‌కి కొవ్వు పట్టేస్తుంది. పిల్లికి కుక్క ఫుడ్డే రోజూ పెడితే టారిన్ అనే పోషకం చాలక దాని కళ్లూ గుండే దెబ్బతింటాయి.

ఇక మందులు. మీ నాన్న నిర్వాకం నీకెవరూ చెప్పుండరు, నువ్వప్పటికి పసిపిల్లవి. కుక్కకి పిడుదులు పట్టాయని మెడ మీద చుక్కల మందు వేశాడు, ట్యూబులో కాస్త మిగిలింది, పిల్లి కూడా గోక్కుంటోంది కదా, చిన్న ప్రాణమేగా కొంచెం చాల్లే అని దానికీ వేసేశాడు. తెలివి చూడు! సాయంత్రానికి చెవులు అదురుతున్నాయి, ఈగ వాలినట్టు వీపు మీద చర్మం జలదరిస్తోంది, వాడేమో ఆడుకుంటోంది అంటాడు. కాసేపటికి వెనక కాళ్లు పట్టుతప్పి పడిపోయింది, ఆపైన ఫిట్స్. డాక్టర్ ట్యూబు చూసి వాణ్ణి చెడామడా తిట్టి, గిన్నెలు తోమే సబ్బుతో గోరువెచ్చని నీళ్లలో దాన్ని కడిగించి ఇంజెక్షన్లిచ్చాడు. అందులో ఉన్నది పెర్మెత్రిన్ అనే పురుగుల మందు, కుక్క ఒళ్లు దాన్ని అరిగించుకుంటుంది, పిల్లి లివర్‌కి ఆ పని సరిగా చేతకాదు, డోసు తగ్గించాంలే అంటే కుదరదు.

బతికిందిలే. వాడు దాన్ని తువ్వాల్లో చుట్టుకుని తెల్లారేదాకా కదల్లేదు. అది ముసలిదై పోయాక మళ్లీ పిల్లిని గుమ్మం తొక్కనివ్వలేదు. నీకు పుట్టుకతోనే పిల్లులు పడవనుకుంటున్నావేమో, అది నీది కాదే పిచ్చిదానా, మీ నాన్న భయం నీకంటింది. వాణ్ణి ఇప్పుడు దీని గురించి అడక్కు, పాపం.

అందుకే ఏ మందైనా డబ్బా మీద పిల్లులకని రాసుంటేనే వెయ్యి. కుక్కకి పెర్మెత్రిన్ ఉన్నది వేస్తే 72 గంటలు పిల్లిని దాని పక్కన పడుకోనివ్వకు, ఒళ్లు నాకనివ్వకు. జ్వరమొచ్చిందని పారాసెటమాల్ ముక్క కూడా వద్దు, ఒక్క మాత్రకే ప్రాణం పోవచ్చు. లిల్లీ పూల గుత్తులు ఎవరైనా ఇస్తే గుమ్మం దగ్గరే వద్దని చెప్పు, కిడ్నీలు పోతాయి దానికి.

ఇప్పుడు మీ కుక్కకి వేస్తున్న పిడుదుల మందు డబ్బా వెనకవైపు ఫోటో తీసి రేపటిలోగా నాకు పంపు, అక్షరాలు కనపడేలా తియ్యి. పిల్లికి పేరేం అనుకున్నారో కూడా చెప్పు, అల్లుడికే వదిలేశావంటే నేనొప్పుకోను.

మీ అత్త