రాకెట్ సంగతి తర్వాత, ముందు జీసీ మెషీన్ నేర్చుకోమనండి

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల పెయింటింగ్ షెడ్డు నడిపే ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది. అంతరిక్ష నౌకలో థిన్నర్, జిగురు లాంటి వాటి ఆవిరి మనుషులకు ఎంతవరకు ప్రమాదమో పరీక్షించే పని చేస్తానంటోంది. అలాంటి ఉద్యోగం ఉందా, లేక బీఈడీ చేయించమంటారా?"

ఉందండీ. మీ షెడ్డులో ఘాటు ఎక్కువైతే షట్టర్ ఎత్తేస్తారు, సాయంత్రానికి ఇంటికెళ్లి మంచి గాలి పీలుస్తారు. నౌకలో కిటికీ తీసే వీల్లేదు, నిద్రలోనూ అదే గాలి. కాబట్టి ఫ్యాక్టరీలకు రోజుకు 8 గంటల లెక్కన పెట్టిన పరిమితులు అక్కడ చాలవు. నాసా అయితే గంట, 24 గంటలు, 7, 30, 180, 1000 రోజులు అంటూ వేర్వేరు పరిమితులు పెట్టుకుంది. పైకి పంపే పరికరాన్ని మూసిన చాంబర్‌లో 49 డిగ్రీల వేడిలో 72 గంటలు ఉంచి, అది వదిలిన ఆవిర్లను గ్యాస్ క్రొమటోగ్రఫీతో, అంటే కలిసిపోయిన ఆవిర్లను విడివిడిగా వేరుచేసే పద్ధతి, దాన్నే జీసీ అంటారు, కొలుస్తారు. ఒక్కొక్కటీ పరిమితిలోపే ఉందని వదిలేయరు, అన్నీ కలిస్తే ఎంతవుతుందో కూడా కూడి చూస్తారు.

అయితే మన దేశంలో ఈ పోస్టులు చాలా తక్కువ. గగన్‌యాన్ ఉంది కదా అని దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. కానీ అదే జీసీ మీద మందుల కంపెనీలు మాత్రల్లో మిగిలిన సాల్వెంట్లు, అంటే తయారీలో వాడిన ద్రావకాలు, కొలుస్తాయి, మామూలుగా బెంజీన్‌కు 2 పీపీఎం (పది లక్షల్లో 2 వంతులు), టొలుయిన్‌కు 890 పీపీఎం హద్దు. హైదరాబాద్, విశాఖ చుట్టూ ఆ పని బోలెడుంది. ఏపీ పీజీసెట్ గానీ, ఐఐటీల్లో ఎమ్మెస్సీకి పెట్టే జామ్ పరీక్ష గానీ రాసి అనలిటికల్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేయమనండి, జీసీ మీద సొంతంగా చేయి పెట్టనిచ్చే కాలేజీ అయితేనే. నా దగ్గరికొచ్చే పిల్లల్లో సగం మంది డిగ్రీ అయ్యేదాకా ఆ మెషీన్‌ను అద్దం అవతలి నుంచే చూసినవాళ్లు! ఆవిరి ఒంట్లో ఏం చేస్తుందో తేల్చేది మాత్రం టాక్సికాలజీ, దానికి బయాలజీ కావాలి, ఇప్పటినుంచే చదువుకోవాలి. సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష పాసైతే లక్నోలోని టాక్సికాలజీ పరిశోధన సంస్థ ఐఐటీఆర్ లాంటి చోట పీహెచ్‌డీకి ప్రయత్నించొచ్చు. బీఈడీ ఎక్కడికీ పోదు, తర్వాతైనా చేయొచ్చు.

ఇంకోటి, అడగకపోయినా చెబుతున్నా. మీ కుర్రాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుని స్ప్రే కొడుతుంటే దాన్ని మాన్పించండి, గుడ్డ ఆవిరిని ఆపదు. నౌకలో గాలిలోంచి ఇలాంటి ఆవిర్లను ఎక్కువగా పట్టేసేదీ యాక్టివేటెడ్ కార్బనే, అంటే ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గే, ఆ కార్బన్ ఫిల్టర్ ఉన్న మాస్కులు కావాలి. ఏవి కొనాలో అమ్మాయినే చూసి చెప్పమనండి.