మూడో బ్యాండ్ వాయించే దాకా ఎవరు ఉంటున్నారు?

మీ ప్రశ్న ఇది: “ఏడాది కిందట మా దగ్గర రెండే రాక్ బ్యాండ్లు ఉండేవి, ఇప్పుడు పది దాకా ఉన్నాయి. ఇది నిజమైన ఎదుగుదలేనా, నాలుగు రోజుల ముచ్చటా? వాయించడం రాని అభిమాని చేయగలిగింది ఏమైనా ఉందా?”

నాకూ వాయించడం రాదు. తొమ్మిదేళ్లుగా చిన్న చిన్న వేదికల దగ్గర నిలబడి వింటున్నాను. ఆ అనుభవంతో చెప్పగలిగింది ఒకటుంది. బ్యాండ్ల సంఖ్య చూసి ఏ నిర్ణయానికీ రాకండి. మూడు బ్యాండ్లు వాయించే రాత్రి వెళ్లి, మొదటి బ్యాండ్ దిగిపోయాక హాల్లో ఎంతమంది మిగులుతున్నారో చూడండి. మీ ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.

మొదట్లో నేను వెళ్లిన కచేరీలన్నీ ఒకే తీరుగా సాగేవి. మొదటి బ్యాండ్ స్నేహితులు పాతికమంది వచ్చేవాళ్లు, కేకలు వేసేవాళ్లు, ఫొటోలు తీసుకునేవాళ్లు. తమవాళ్లు కేబుళ్లు చుట్టుకుంటుండగానే వాళ్లతో పాటు బయటికి నడిచేవాళ్లు. రెండో బ్యాండ్‌కు వేరే పాతికమంది. ఆ గిటారిస్టు స్నేహితులు, ఈ డ్రమ్మర్ తమ్ముళ్లు ఉండేవాళ్లే తప్ప, రాక్ వినడానికని వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. ఒక రాత్రి చివరి బ్యాండ్ వేదిక ఎక్కేసరికి సౌండ్ ఇంజినీర్‌తో కలిపి పదకొండు మందిమి మిగిలాం. అయినా వాళ్లు ఒక్క పాట కూడా తగ్గించుకోలేదు.

ఆ రాత్రి రెండో పాట మధ్యలో కాలితో తొక్కి మోగించే పెద్ద డ్రమ్, అంటే బేస్ డ్రమ్, పెడల్ స్ప్రింగ్ తెగింది. డ్రమ్మర్ కాలు కిందికి వెళ్లింది కానీ దెబ్బ వినబడలేదు. అతను మొహంలో ఏమీ కనబడనీయకుండా చేతులతోనే తాళం నిలిపాడు. బేస్ గిటార్ వాయించే కుర్రాడు దగ్గరికి జరిగి పాటను తన తీగల మీదికి తీసుకున్నాడు. అంతలో, అంతకు ముందు వాయించి దిగిన బ్యాండ్ డ్రమ్మర్ తన సంచిలోంచి పెడల్ తీసుకుని, వంగి, దాదాపు పాకుతున్నట్టుగా డ్రమ్స్ వెనక్కి వెళ్లాడు. పాట ఆగలేదు. తెగిన పెడల్ ఊడదీసి తనది బిగించడానికి అతనికి ఒక చరణం పట్టింది. పల్లవి తిరిగి వచ్చేటప్పుడు బేస్ డ్రమ్ దెబ్బ గుండెకు తగిలినట్టు పడింది. ఉన్న పదకొండు మందిమీ గొంతు పోయేలా అరిచాం.

ఆ డ్రమ్మర్ తన వంతు అయ్యాక ఇంటికి వెళ్లిపోలేదు. నాకు ముఖ్యమైనది అదే. ఒక బ్యాండ్ మరో బ్యాండ్‌ను నిలబడి వినడం మొదలైనప్పుడే ఏదో పుడుతోందని అర్థం. 1976 జూన్ 4న మాంచెస్టర్‌లోని లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో సెక్స్ పిస్టల్స్ అనే రాక్ బ్యాండ్ వాయించినప్పుడు వచ్చిన జనం వందకు చాలా తక్కువ. ఆ కచేరీ ఏర్పాటు చేసిన హోవర్డ్ డెవోటో, పీట్ షెల్లీ అప్పుడే బజ్‌కాక్స్ బ్యాండ్‌ను నిలబెట్టుకుంటున్నవాళ్లు. విన్నవాళ్లలో పీటర్ హుక్, బెర్నార్డ్ సమ్నర్ ఉన్నారు. హుక్ మర్నాడే బేస్ గిటార్ కొన్నాడు, తర్వాత ఇద్దరూ జాయ్ డివిజన్ అనే బ్యాండ్‌లో వాయించారు. నా పక్కన రెండేళ్లు నిలబడి విన్న అమ్మాయి ఒకరు నిరుడు బేస్ గిటార్‌తో వేదిక ఎక్కింది. మొదటి కచేరీ అంతా చూపు వేళ్ల మీదే పెట్టి వాయించింది. మూడో కచేరీకి తల ఎత్తి మమ్మల్ని చూసింది. మీ దగ్గర కూడా వినేవాళ్లలోంచి వాయించేవాళ్లు వస్తున్నారా? వస్తుంటే అది నాలుగు రోజుల ముచ్చట కాదు.

ఇక సొంత పాటల సంగతి. ప్రసిద్ధ బ్యాండ్ల పాటలు వాయించడం తప్పని నేను అనను. బీటిల్స్ జర్మనీలోని హాంబర్గ్‌లో రాత్రుళ్ల తరబడి అలా వాయించే చేయి తిప్పుకున్నారు. కానీ జనానికి తెలిసిన పాటకు చప్పట్లు ఊరికే వస్తాయి, ఆ రుచి మరిగితే బ్యాండ్ అక్కడే ఆగిపోతుంది. న్యూయార్క్‌లో హిల్లీ క్రిస్టల్ 1973 చివర్లో సీబీజీబీ అనే క్లబ్ తెరిచింది కంట్రీ, బ్లూగ్రాస్, బ్లూస్ కోసం. పేరులోని అక్షరాలు వాటివే. రాక్ బ్యాండ్లు వచ్చి చేరాక ఆయన పట్టుబట్టిన షరతు మాత్రం ఒకటే: సొంత పాటలు వాయించాలి. రమోన్స్, టెలివిజన్, టాకింగ్ హెడ్స్ అనే బ్యాండ్లు అక్కడ పెరిగాయి. మీకు నచ్చిన సొంత పాట ఉంటే కచేరీ తర్వాత దాని పేరు అడగండి. వచ్చేసారి ఆ పేరు పెట్టి కోరండి. అలా అడిగినప్పుడు వాళ్ల ముఖాలు ఎలా మారతాయో నేను చూశాను.

చోటు లేకపోతే ఇవేవీ జరగవు. లివర్‌పూల్‌లోని కావర్న్ క్లబ్ 1957లో జాజ్ కోసం తెరిచిన నేలమాళిగ. 1961 నుంచి 1963 వరకు బీటిల్స్ అక్కడ రెండు వందల సార్లకు పైగా వాయించారు. ఒకే గది, మళ్లీ మళ్లీ వచ్చే అవే ముఖాలు. నిన్నటికన్నా నేడు బాగా వాయించక తప్పని స్థితి అది. మేం వెళ్లే చోట నెలకొక శనివారం రాక్‌కు కేటాయించి ఉండేది. చుట్టుపక్కలవాళ్లు చప్పుడు గురించి ఫిర్యాదు చేయడంతో అది ఆగిపోయింది. ఐదు నెలలు కచేరీలు లేవు. ఆ ఐదు నెలల్లో మూడు బ్యాండ్లు విడిపోయాయి, అందులో ఒకటి నాకు ప్రాణం. తర్వాత దొరికిన హాలు ఇంకా చిన్నది. సాయంత్రమే మొదలుపెట్టి త్వరగా ముగించాలని నియమం. మొదట విసుక్కున్నాను కానీ ఆ వేళకు పదహారు, పదిహేడేళ్ల పిల్లలు రావడం మొదలుపెట్టారు. వాళ్లే ఇప్పుడు ముందు వరుస. వాషింగ్టన్‌లో ఫుగాజీ బ్యాండ్ అన్ని వయసులవాళ్లనూ రానివ్వాలని, టికెట్ తక్కువలో ఉండాలని ఎందుకు పట్టుబట్టేదో అప్పుడు అర్థమైంది. సియాటెల్‌లో 1985లో తెచ్చిన ఒక నిబంధన మైనర్లు వచ్చే నృత్య కార్యక్రమాలకు భారీ బీమా, కాపలా తప్పనిసరి చేసింది. అలాంటి కార్యక్రమాలు పెట్టడమే గగనమైపోయింది. దాన్ని ఎత్తేసింది 2002లో. నగరం పేరు రాక్‌తో ప్రపంచమంతా మోగిన ఏళ్లలో అక్కడి పిల్లలకు తలుపులు చాలావరకు మూసే ఉన్నాయన్నమాట.

మీరు చేయగలిగింది అడిగారు. వీలైతే సౌండ్ చెక్ సమయానికే, అంటే కచేరీకి ముందు వాద్యాలు, మైకులు సరిచూసుకునేటప్పుడే వెళ్లండి. చిన్న హాల్లో తరచూ జరిగే పొరపాటు పాడేవాళ్ల మాటలు వినబడకపోవడం. డ్రమ్స్ చప్పుడును తగ్గించడం కష్టం, దాన్ని మించాలని గిటార్ ఆంప్లిఫయర్ పెంచుతారు, దాన్ని మించాలని మైకు పెంచితే అది కీచుమంటుంది. చాలామంది గిటారిస్టులు ఆంప్లిఫయర్‌ను నేల మీద పెట్టి, తమ మోకాళ్లకు వినిపించి, తమకు వినబడటం లేదని పెంచుతారు. దాన్ని వెనక్కి వాల్చి చెవి వైపు తిప్పితే వాళ్లే తగ్గిస్తారు. హాలు వెనక నిలబడి “మాటలు వినబడటం లేదు” అని చెప్పేవాళ్లు వాళ్లకు చాలా అవసరం. బాగా లేనిదాన్ని బాగుందనకండి. మొదట్లో నేను మొహమాటానికి అన్నీ మెచ్చుకున్నాను. దానివల్ల ఒక మంచి గాయకుడు ఏడాది పాటు శ్రుతి తప్పే పాడాడు.

చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోండి, ఇది తప్పనిసరి. 85 డెసిబెళ్ల దగ్గర ఎనిమిది గంటలు ఉండవచ్చంటే, 100 దగ్గర ఆ హద్దు పావుగంటే. ఒకసారి స్పీకర్ పక్కన నిలబడ్డాక రెండు రోజులు నా చెవుల్లో గింగురుమంది.

ఇంకొకటి, రాసిపెట్టండి. లివర్‌పూల్‌లో బిల్ హారీ 1961లో మెర్సీ బీట్ పత్రిక పెట్టి అక్కడి బ్యాండ్ల గురించి రాశాడు కాబట్టి ఆ సంగతులు నేటికీ తెలుస్తున్నాయి. నా దగ్గర ఉన్నది మామూలు నోటుపుస్తకం. తేదీ, బ్యాండ్, పాటల వరుస, ఆ రాత్రి ఎవరు ఎవరికి ఏం అరువిచ్చారో రాస్తాను. అడిగి, ఒకటి రెండు పాటలు ఫోనులో రికార్డు చేస్తాను. ఇందాక చెప్పిన, నాకు ప్రాణమైన, విడిపోయిన బ్యాండ్ గిటారిస్టు కిందటి నెల ఫోను చేశాడు. వాళ్ల పాట ఒకటి ఎక్కడా రికార్డు కాలేదట, రెండో చరణం ఎవరికీ గుర్తు లేదట. పుస్తకం తిరగేసి తేదీ పట్టుకుని, ఫోనులో వెతికి పంపాను. రికార్డింగ్‌లో నా పక్కనెవరో దగ్గుతున్నారు, అయినా మాటలు తెలుస్తున్నాయి. అతని కొత్త బ్యాండ్ ఇప్పుడు ఆ పాటను అభ్యాసం చేస్తోంది.