గోడ మీది పొడుగు కాళ్ల పురుగు: యాప్ చెప్పే పేరును ఎంతవరకు నమ్మొచ్చు?

ప్రశ్న: వానలు మొదలయ్యాక రాత్రిళ్లు మా వరండాలో ట్యూబ్‌లైట్ దగ్గర గోడకి పెద్ద దోమల్లాంటివి వాలుతున్నాయి. ఫొటో తీసి గూగుల్ లెన్స్‌లో పెడితే ఒకసారి దోమ అంటోంది, ఇంకోసారి క్రేన్ ఫ్లై అని ఏదో యూరప్ జాతి పేరు చూపిస్తోంది. కుడతాయేమోనని ఇంట్లో టెన్షన్. సరైన పేరు తెలియాలంటే ఏ యాప్ వాడాలి సర్?
- డిగ్రీ విద్యార్థిని, పర్లాకిమిడి

ముందు ఇంట్లోవాళ్లకి ధైర్యం చెప్పండమ్మా. మీరు పంపిన ఫొటోలో ఉన్నది క్రేన్ ఫ్లైయే. అది కుట్టదు, రక్తం తాగదు. తోక చివర సూదిలా ఉన్నది ఆడపురుగు గుడ్లు పెట్టే అవయవం. ఫొటోని జూమ్ చేసి చూడండి. దోమకుండే పొడవాటి తొండం దీనికి లేదు. వీపు మీద, రెక్కలు మొదలయ్యే చోట, ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఒక గాడి ఉంది. ఈ రెండూ చూస్తే దోమ కాదని తేలిపోతుంది.

జాతి పేరు మాత్రం యాప్ మార్చినంత మాత్రాన దొరకదు. ప్రపంచంలో ఇప్పటిదాకా 15,000కు పైగా క్రేన్ ఫ్లై జాతులకు పేర్లు పెట్టారు. అందులో 11,000కు పైగా చార్లెస్ అలెగ్జాండర్ (1889-1981) అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక్కరే వర్ణించారు! చాలా జాతుల మధ్య తేడా రెక్కల ఈనెల అల్లికలోనో, మగపురుగు తోక చివరి భాగాల్లోనో ఉంటుంది. కొన్నింటిని మైక్రోస్కోప్ కింద పెడితే తప్ప చెప్పలేరు. యాప్ నేర్చుకునేది జనం ఎక్కించిన ఫొటోల నుంచే. మహేంద్రగిరి చుట్టుపక్కల పురుగుల ఫొటోలు అది చూసి ఉండకపోతే, తనకు తెలిసినవాటిలో దగ్గరగా ఉన్న పేరు చెప్పేస్తుంది. మీకు యూరప్ జాతి చూపించడానికి కారణం అదే అయ్యుండాలి.

మీకు నా సలహా ఐనాచురలిస్ట్, మనం పెట్టిన జీవుల ఫొటోలు చూసి తెలిసినవాళ్లు పేరు చెప్పే యాప్. 2008లో మొదలైంది, ఉచితం. అందులో జాతి పేరు ఎంచుకోకుండా క్రేన్ ఫ్లైలన్నీ వచ్చే 'టిప్యులోయిడియా' అనే పెద్ద వర్గం దగ్గరే ఆగి పోస్ట్ చేయండి. తెలిసినవాళ్లు చూసి జాతి పేరు వైపు తీసుకెళ్తారు. యాప్ చూపించిన పేరుకి మీరు సరే అని, ఇంకొకరెవరో చూడకుండా అవునని నొక్కితే ఆ తప్పుకు 'రీసెర్చ్ గ్రేడ్' (పరిశోధనకు పనికొచ్చేది) అనే ముద్ర పడిపోతుంది, పరిశోధకులు వాడే డేటాలోకి వెళ్లిపోతుంది. రేపు యాప్ కూడా దాన్నే నేర్చుకుంటుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక ఫొటో. పైనుంచి ఒకటి తీయండి, వీపు గాడి, రెక్కలు పూర్తిగా పడాలి. పక్కనుంచి ఒకటి, తల, మీసాలు కనిపించాలి. తోక చివర దగ్గరగా ఇంకొకటి. ఎక్కువమంది మర్చిపోయేది ఈ మూడోదే, నిపుణులు ముందు అడిగేదీ అదే. తక్కువ ధర ఫోన్లలో ఉండే 2 మెగాపిక్సెల్ మ్యాక్రో కెమెరా జోలికి వెళ్లకండి. మెయిన్ కెమెరాలో 2ఎక్స్ జూమ్ పెట్టి, కాస్త దూరం నుంచి తీసి క్రాప్ చేసుకోండి. తెల్లగోడ మీద పురుగు నల్లగా పడితే స్క్రీన్ తాకి బ్రైట్‌నెస్ కొంచెం పెంచండి. ఫ్లాష్ వద్దు, పక్కనుంచి టార్చ్ వేయించండి. చేత్తో పట్టుకోకండి, కాళ్లు ఇట్టే ఊడిపోతాయి.

ప్రశ్న: ప్రాణహిత ఒడ్డున ఈ పురుగుల ఫొటోలు తీస్తాను, అక్కడ సిగ్నల్ ఉండదు. వాట్సాప్‌లో తమ్ముడికి పంపి వాడితో అప్‌లోడ్ చేయించొచ్చా?
- సిరోంచ నుంచి ఒక టీచర్

మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోని కుదించేస్తుంది. తీసిన తేదీ, లొకేషన్ కూడా పోతాయి. ఈనెలు చూడాల్సిన ఫొటోకి అది పెద్ద నష్టం. పంపక తప్పకపోతే 'డాక్యుమెంట్'గా పంపండి. అంతకన్నా మీ ఫోన్లోనే ఉంచుకుని, సిగ్నల్ ఉన్నచోటికి వచ్చాక మీరే ఎక్కించడం మేలు. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆన్‌లో ఉంటే తేదీ, చోటు యాప్ దానంతటదే తీసుకుంటుంది. తడినేల, కుళ్లిన ఆకుల్లో వీటి పిల్లపురుగులు పెరుగుతాయి కాబట్టి నది ఒడ్డు అన్న వివరం కూడా రాయండి. ఇంటి దగ్గర తీసినవైతే మాత్రం ఐనాచురలిస్ట్‌లో చోటు దాచే 'జియోప్రైవసీ' సెట్టింగ్‌లో 'అబ్‌స్క్యూర్డ్' పెట్టండి, అప్పుడు మీ ఇల్లు ఎక్కడో బయటివాళ్లకి కచ్చితంగా తెలియదు.