టెక్ సందేహాలు: కీ సరిగ్గానే ఉంది, లాగిన్ మాత్రం అవ్వట్లేదు!

ప్రశ్న: డిస్క్ నిండిపోవడంతో మా రెడ్‌హ్యాట్ సర్వర్‌లో అందరి హోమ్ ఫోల్డర్లనూ 'డేటా' పేరుతో పెట్టిన కొత్త డిస్క్‌లోకి మార్చాను. అప్పటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) కీతో, అంటే పాస్‌వర్డ్‌కు బదులు వాడే ఫైలుతో, లాగిన్ అవ్వట్లేదు, పాస్‌వర్డ్ అడుగుతోంది. ఫైల్ పర్మిషన్లు అన్నీ చూసుకున్నాను, బాగానే ఉన్నాయి. లినక్స్‌లోని భద్రతా ఏర్పాటు ఎస్‌ఈలినక్స్‌ను ఆపితే వెంటనే పనిచేస్తోంది. దాన్ని శాశ్వతంగా ఆపేయవచ్చా?

జవాబు: దయచేసి ఆపకండి. 'ఆపితే పనిచేస్తోంది' అన్నారు కదా, సగం జవాబు అక్కడే దొరికింది. కీలో తప్పు లేదు, పర్మిషన్లలోనూ లేదు. తేడా వచ్చింది ఫైళ్లకు ఎస్‌ఈలినక్స్ వేసే లేబుళ్లలో.

మామూలు పర్మిషన్లు ఫైలు సొంతదారు చేతిలో ఉంటాయి. సర్వర్‌పై పూర్తి అధికారం ఉన్న రూట్ ఖాతాకైతే అవి అడ్డే కావు. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ నడిచేది రూట్‌గానే. పైగా ఎవరో ఏమిటో తెలియకముందే, నెట్‌వర్క్‌లో ఎవరు పంపినా ఆ డేటాను అది అందుకోవాలి. అందులో ఒక లోపం బయటపడితే చాలు, సర్వర్ మొత్తం పరాయివాళ్ల చేతిలోకి పోవచ్చు. ఆ నష్టాన్ని తగ్గించడానికే ఎస్‌ఈలినక్స్ రెండో తనిఖీ పెడుతుంది. ప్రతి ప్రాసెస్‌కు (నడుస్తున్న ప్రోగ్రాంకు) డొమైన్ అనే ఒక హద్దు ఉంటుంది, ప్రతి ఫైలుకూ, నెట్‌వర్క్ సర్వీసు వాడే ప్రతి పోర్టు నంబరుకూ ఒక లేబుల్ ఉంటుంది. ఏ డొమైన్ దేన్ని ముట్టుకోవచ్చో పాలసీ అనే నియమాల జాబితాలో రాసి ఉంటుంది. అందులో లేని పని రూట్ ప్రాసెస్ అడిగినా జరగదు. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ 2000లో బయటపెట్టిన ఈ ఏర్పాటు 2003 నుంచి లినక్స్ మూల భాగమైన కెర్నెల్‌లోనే భాగంగా ఉంది.

ఇప్పుడు మీ సమస్యకు వద్దాం. కొత్త డిస్క్ దారి గురించి పాలసీకి ఏమీ తెలియదు కాబట్టి అక్కడి ఫైళ్లకు 'డిఫాల్ట్ టీ' అనే లేబుల్ పడి ఉంటుంది. భద్రతా సంఘటనలు నమోదయ్యే ఆడిట్ లాగ్‌లో, అనుమతి నిరాకరించినట్టు చెప్పే 'ఏవీసీ డినైడ్' అనే వరుస వెతకండి. మూలం దగ్గర ఎస్‌ఎస్‌హెచ్‌డీ (ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రాం) డొమైన్, లక్ష్యం దగ్గర ఈ లేబుల్ కనిపిస్తే అనుమానం తీరినట్టే. 'ఎల్‌ఎస్' ఆదేశానికి పెద్ద జెడ్ ఆప్షన్ కలిపితే ఫైళ్ల లేబుళ్లు నేరుగా చూడవచ్చు.

పరిష్కారం రెండు ఆదేశాలే. మొదటిది పాలసీ సెట్టింగులు మార్చే 'సెమేనేజ్' ఆదేశంలోని 'సెమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్'. దీనికి 'ఏ', 'ఈ' ఆప్షన్లు ఇచ్చి, ముందు పాత హోమ్ దారిని, తర్వాత కొత్త డేటా దారిని రాయండి. డేటాను హోమ్ లాగే చూడమని పాలసీకి చెప్పడం అన్నమాట. ఆ తర్వాత డేటా ఫోల్డర్ మొత్తం మీద 'రీస్టోర్‌కాన్' నడిపితే లేబుళ్లు సరిపోతాయి.

ఆడిట్ లాగ్ నుంచి కొత్త అనుమతి తయారుచేసి ఇచ్చే 'ఆడిట్‌టు అలో' గురించి కూడా ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. ఇక్కడ అది వద్దు. అది ఇచ్చే అనుమతి మీ కీ ఫైలుతో ఆగదు. ఆ లేబుల్ ఉన్న ప్రతి ఫైలునూ నెట్‌వర్క్‌కు ఎదురుగా నిలబడిన ప్రాసెస్ చదవగలుగుతుంది. పని అర్జెంటైతే 'సెమేనేజ్ పర్మిసివ్'తో ఎస్‌ఎస్‌హెచ్‌డీ డొమైన్ ఒక్కదాన్నే కాసేపు వదిలేయండి. మిగతా సర్వర్‌కు కాపలా అలాగే ఉంటుంది. సమస్య తీరగానే దాన్ని మళ్లీ బిగించడం మాత్రం మర్చిపోకండి.

పోర్టు మార్చినప్పుడు వచ్చే తంటా కూడా ఇలాంటిదే. ఎస్‌ఎస్‌హెచ్‌ను 22 నుంచి 2222కు మార్చితే సర్వీసు లేవకపోవచ్చు. 'సెమేనేజ్ పోర్ట్'తో 2222కు ఎస్‌ఎస్‌హెచ్ పోర్టు లేబుల్ ఇస్తే లేస్తుంది.

ప్రశ్న: ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌నే ఎస్‌ఈలినక్స్ కట్టడి చేస్తున్నప్పుడు, లాగిన్ అయినవాళ్లు కూడా ఆ హద్దులోనే ఉన్నట్టే కదా? బయటివాళ్లకు ఒక ఖాతా ఇవ్వాల్సి వచ్చింది.

జవాబు: కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. లాగిన్ పూర్తవగానే షెల్ (ఆదేశాలు అందుకునే ప్రోగ్రాం) వేరే డొమైన్‌లోకి మారిపోతుంది. రెడ్‌హ్యాట్, ఫెడోరా లినక్స్‌లలో మామూలు ఖాతాకు అది 'అన్‌కన్ఫైన్డ్', అంటే దాదాపు ఏ కట్టడీ ఉండదు. లాగిన్ అయ్యాక 'ఐడీ' ఆదేశానికి పెద్ద జెడ్ కలిపి చూడండి, మీకే తెలుస్తుంది.

బయటివాళ్లకు ఇచ్చే ఆ ఖాతాను 'సెమేనేజ్ లాగిన్'తో 'యూజర్ యూ' అనే, హద్దులున్న ఎస్‌ఈలినక్స్ యూజర్ రకానికి ముడిపెట్టండి. అప్పుడు రూట్ పాస్‌వర్డ్ చేతికి చిక్కినా, రూట్ అధికారంతో పనులు చేయించే సుడో, ఎస్‌యూ ఆదేశాలు రెండూ నడవవు. 'గెస్ట్ యూ' ఇంకా కఠినం, అక్కడి నుంచి బయటి సర్వర్లకు కనెక్ట్ కావడం కూడా కుదరదు. సుడో తప్పనిసరి అనుకున్నవాళ్లకు 'స్టాఫ్ యూ' ఉంది. బయటివాళ్లకైతే గెస్ట్‌తో మొదలుపెట్టి, అవసరం తేలితేనే పెంచండి. మార్పు కనిపించాలంటే వాళ్లు ఒకసారి లాగ్‌అవుట్ అయి మళ్లీ రావాలి.

ప్రశ్న: మా పాత యంత్రంలోకి లాగిన్ కావడానికి టెల్‌నెట్ అనే పాత పద్ధతి తప్ప దారి లేదు. ఎస్‌ఈలినక్స్ పాలసీ ఉంటే టెల్‌నెట్ సురక్షితమేనా?

జవాబు: టెల్‌నెట్, దానిలాంటిదే అయిన ఆర్‌లాగిన్ సర్వీసులకూ, అవి పిలిచే లాగిన్ ప్రోగ్రాంకూ పాలసీలో విడివిడి డొమైన్లు ఉన్న మాట నిజమే. అయితే అవి కాపాడేది సర్వర్ లోపలి భాగాన్నే. పాస్‌వర్డ్ తీగ మీద ఎన్‌క్రిప్షన్ లేకుండా, ఉన్నది ఉన్నట్టుగా ప్రయాణిస్తుంది, దాన్ని ఏ పాలసీ దాచలేదు. ఆ యంత్రాన్ని విడి నెట్‌వర్క్‌లో పెట్టి, దాని ముందు ఒక ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఉంచండి. బయటి నుంచి వచ్చేవాళ్లు ముందు అందులోకి లాగిన్ అయి, అక్కడి నుంచే టెల్‌నెట్ వాడాలి.