మీ ప్రశ్న – మా జవాబు: మెట్లబావికి మళ్లీ పండుగ

ప్రశ్న: మా ఊరి నడిమధ్యన ఉన్న పాత మెట్లబావిని ఊరివాళ్లం చందాలు వేసుకొని బాగుచేయిస్తున్నాము. పూడిక తీత పూర్తయింది. మెట్ల మరమ్మతు నడుస్తోంది. బన్సీలాల్‌పేట బావిలాగే మాది కూడా ఘనంగా ప్రారంభించాలని మా యువకుల కోరిక. సెలవులకు అందరూ ఊరికి వస్తారు కనుక మే నెలలో పెట్టుకుందామంటున్నారు. మీ సలహా ఏమిటి? – ఒక పాఠకుడు, కామారెడ్డి జిల్లా

జవాబు: ముందుగా మీ ఊరివారందరికీ మా అభినందనలు. అయితే మే నెల ముహూర్తాన్ని మాత్రం మానుకోండి. బాగుచేసిన బావి ఒక వానకాలం చూడకముందే పండుగ చేయడం, పంట ఇంటికి రాకముందే పబ్బానికి పిలిచినట్టే ఉంటుంది.

మీరు ప్రస్తావించిన బావినే తీసుకుందాము. సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట మెట్లబావి పదిహేడో శతాబ్దం నాటిదని చెబుతారు; నాగన్నకుంట అన్నది దాని పాత పేరు. నల్లా నీళ్లు వచ్చాక అందరూ దాన్ని మరచిపోయారు, ఆ తరువాత కొన్ని దశాబ్దాల పాటు చుట్టుపక్కల చెత్త అంతా అందులోనే పడి, అక్కడ బావి ఉండేదన్న ఆనవాలే లేకుండా పోయింది. వాస్తుశిల్పి కల్పనా రమేష్ నడిపే రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్, నగరపాలక సంస్థ, బస్తీవాసులు కలిసి పని మొదలుపెట్టి ఆ చెత్తను ఎత్తిపోశాక రాతి మెట్లు, వాటి కింద ఊట బయటపడ్డాయి. 2022 మార్చిలో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో ఈ బావి గురించి మెచ్చుకోలుగా మాట్లాడారు. అంత పేరు వచ్చినా నిర్వాహకులు తొందరపడలేదు. ఆ ఏడాది వానలు వెళ్లిపోయాక, డిసెంబరు 5న బావిని ప్రజలకు తెరిచారు. నిండుగా నీళ్లున్న బావిని చూడటానికి వచ్చినవారికి, అడుగున బురద కనిపించే బావిని చూడటానికి వచ్చినవారికి కలిగే సంతోషం ఒకటి కాదు కదా!

ఆగమనడానికి ఇంతకంటే పెద్ద కారణం భద్రత. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో ఉన్న బడీ బావోలీ అనే మెట్లబావి గోడ 2013 వానలకు కూలిపోయింది. ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు దాన్ని తిరిగి నిలబెట్టింది. ఆ గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ పురస్కారం దక్కింది. (అదే ఏడాది మీ జిల్లాలోని దోమకొండ కోటకు కూడా యునెస్కో పురస్కారం వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది.) గోడ వెనుక మట్టి వానకు నాని బరువెక్కినప్పుడు ఆ ఒత్తిడినంతా రాళ్లే మోయవలసి వస్తుంది. మీ గోడలు ఆ పరీక్షకు ఇంకా నిలబడలేదు. ప్రారంభం రోజున ఊరంతా బావి ఒడ్డునే గుమిగూడుతుంది కనుక, వానలు పోయాక అనుభవమున్న ఇంజినీరుకు ఒకసారి చూపించి, కార్తీకంలోనో మార్గశిరంలోనో ముహూర్తం పెట్టుకోండి.

ఇక వేడుక సంగతి. గంగమ్మకు పసుపు కుంకుమలు పెట్టడం మీరెలాగూ మానరు. వేదిక మీద నాయకులతో పాటు, ఒకప్పుడు ఆ బావిలో నీళ్లు చేదిన ముసలమ్మలను, మోట తోలిన రైతులను కూర్చోబెట్టి వారి చేత నాలుగు మాటలు చెప్పించండి. ఒరమీద తాడు రాసుకుని రాసుకుని బొటనవేలు పట్టేంత లోతుగా పడిన గాళ్లు ఉంటే, మేస్త్రీ వాటిని నున్నగా పూడ్చకుండా చూడండి. ఆ గాడిలో వేలు పెట్టి చూసిన పిల్లవాడికి, ఎన్నివేల బిందెలు అలా పైకి వచ్చాయో ఎవరూ వివరించనక్కరలేదు. దాతల పేర్ల శిలాఫలకాన్ని మాత్రం పాత రాళ్లకు మేకులు దిగ్గొట్టి బిగించవద్దు. పక్కన చిన్న దిమ్మె కట్టి నిలబెట్టండి.

ప్రశ్న: మా మేస్త్రీ సిమెంటే గట్టిది అంటున్నాడు. డంగు సున్నమే (గానుగలో నూరిన సున్నమే) వాడాలా? – అదే పాఠకుడు

జవాబు: వాడాలి. సిమెంటు గట్టిదన్నమాట నిజమే, చిక్కు కూడా అక్కడే ఉంది. తడి బయటికి పోయే దారి మూసుకుపోయి రాయిలోనే ఉప్పు పేరుకుంటుంది, కొన్నేళ్లకు రాతి అంచులే పెచ్చులూడతాయి. సున్నం రాయికంటే మెత్తన. కదలిక వస్తే ముందు తాను బీటలువారి రాయిని కాపాడుతుంది. అయితే ఉత్త సున్నం నీళ్లలో గట్టిపడదు కనుక, నీటిమట్టం తగిలేచోట మెత్తని ఇటుక పొడి కలిపి గానుగలో బాగా నూరించాలి. ఆ పూతను వెంటనే ఆరనివ్వక తడి గోనెలు కప్పి ఉంచాలి. దీనికి రోజులు పడతాయి. మీ మేస్త్రీకి విసుగు పుట్టేది బహుశా ఇక్కడే.

ప్రశ్న: బాగుచేసిన పాత బావి నీళ్లు తాగవచ్చా? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ప్రయోగశాలలో పరీక్ష చేయించకుండా తాగవద్దు, ఎంత తేటగా కనిపించినా సరే. చుట్టూ ఇళ్లు, మరుగుదొడ్ల గుంతలు ఉన్నచోట ఊటలోకి ఏమి కలుస్తోందో కంటికి కనబడదు. మొక్కలకు, ఇతర వాడకానికి మాత్రం నిక్షేపంగా తోడుకోండి. తోడుతున్న కొద్దీ ఊట పారుతుంది, నీళ్లు నిలవ ఉండి పాచిపట్టవు.