ప్రపోజల్ రాయడం మొదలుపెట్టిన చెల్లెమ్మకు

కావలి

చెల్లెమ్మకు, ప్రభువు నామంలో వందనాలు.

మీ పిల్లల సెంటర్‌కు నిధులు అడుగుతూ నువ్వు పంపిన ప్రపోజల్ రెండుసార్లు చదివాను. ఇంగ్లీషు బాగుంది, ఫార్మాట్‌లో తప్పుపట్టేదేమీ లేదు. కానీ పొదిలి తీసేసి ఇంకే ఊరి పేరు పెట్టినా అందులో ఒక్క వాక్యం కూడా మార్చక్కర్లేదు. నాకు నచ్చనిది అదే.

"తీవ్రమైన పేదరికం వల్ల పిల్లలు చదువుకు దూరమవుతున్నారు" అని మొదలుపెట్టావు. ఇలాంటివి దాతలు రోజూ చదువుతారు. ఒకసారి మీ సెంటర్ హాజరు పట్టీ ముందేసుకుని కూర్చో. సంక్రాంతి దాటాక ఏ పేర్ల ఎదుట వరసగా ఆబ్సెంట్లు పడ్డాయో చూడు. ఆ ఇళ్ళవాళ్ళు చాలామంది మిరపకోతలకు గుంటూరు వైపు పోయి ఉంటారు. ఇంటి దగ్గర అవ్వో తాతో ఉంటే పిల్ల ఆగుతుంది, లేకపోతే అమ్మ వెంట చేలోకి పోతుంది. టంగుటూరు, కొండపి వైపైతే పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పని. కనిగిరి పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ళ గొడవ వేరే. ఎవరు, ఏ నెలల్లో, ఎందుకు రావడం లేదో రాశావంటే, అడగాల్సింది నువ్వు రాసిన కుట్టుమిషన్లు కాదని నీకే తెలిసిపోతుంది. ఆ కోతల నెలల్లో పిల్లలు రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటారు, ఎవరు చూసుకుంటారు అన్నదే నీ ప్రాజెక్ట్.

అది కూడా, సమగ్ర శిక్ష వాళ్ళ సీజనల్ హాస్టల్ మీ మండలంలో ఉందో లేదో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడిగాకే రాయి. బడిలో గుడ్డుతో సహా మధ్యాహ్న భోజనం పెడుతుంటే నువ్వు బడి రోజులకు కూడా భోజనం బడ్జెట్ వేశావు. దాని బదులు సాయంత్రం ట్యూషన్‌కు ఆకలితో వచ్చే పిల్లలకు గుగ్గిళ్ళో పల్లీ ఉండలో అడుగు, ఇస్తారు.

అంకెలు కాస్త చూసి వెయ్యి. ప్రకాశం జనాభా 33,97,448 అని రాశావు. అది 2011 లెక్క, అందులో చీరాల, అద్దంకి, కందుకూరు కలిసి ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల గీతలు మారాక ఆ అంకె ఏ ప్రకాశానికి చెందుతుందో చెప్పలేం. మండలం లెక్కలు తీసుకో, అవి చాలు.

బడ్జెట్‌లో రెండు చోట్ల ఎర్ర ఇంకు పెట్టాను. విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో వచ్చిన సవరణ తర్వాత విదేశీ నిధుల్లో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. అంతకుముందు 50 దాకా ఉండేది. నువ్వు ట్యూషన్ టీచర్ల జీతాలు కూడా ఆఫీసు ఖర్చుల్లో కలిపేసి లేని టెన్షన్ తెచ్చుకున్నావు. పిల్లలకు నేరుగా చదువు చెప్పేవాళ్ళ జీతం ప్రోగ్రాం ఖర్చే. ఆఫీసు అద్దె, అకౌంటెంట్ జీతం పరిపాలన. రెండోది, "స్థానిక సంఘాలకు గ్రాంటు" అన్న లైను కొట్టెయ్యి. విదేశాల నుంచి వచ్చిన డబ్బు మన ఖాతాలో పడ్డాక ఇంకో సంస్థకు పంపడాన్ని అదే సవరణ ఆపేసింది. పాస్టరు గారు నొచ్చుకుంటారు, తెలుసు. ఫోన్లో చెప్పకు, వెళ్ళి కూర్చుని చెప్పు.

ఆయనతో మాట్లాడేటప్పుడే ఇంకో సంగతి కూడా తేల్చుకో. బైబిల్ వాక్య తరగతులూ పిల్లల పాలూ బడ్జెట్‌లో ఒకే లైనులో ఎందుకున్నాయి? 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. ఆ సాయం నడిచినన్నాళ్ళూ ఎంతమంది అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు, కూటికోసం చేరారన్న మాట రాకూడదని. అది ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. అప్పటికి ఎఫ్‌సీఆర్‌ఏ లేదు, ఆడిటర్ లేడు. ఏ మతం పిల్లనైనా చేర్చుకుంటామని, ప్రార్థనకు రాకపోయినా పాలు ఆగవని కాగితం మీద పెట్టు. లాగ్‌ఫ్రేమ్ (లక్ష్యాలు, పనులు, ఫలితాలు చూపే పట్టిక) గురించి ఏమీ చెప్పను, నెల రోజుల్లో అదే వస్తుంది.

పిల్లల రక్షణ స్టాండర్డ్స్ దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. "సురక్షిత వాతావరణం కల్పించబడును" అట! వంటామెకు ఇది చదివి వినిపిస్తే రేపటి నుంచి ఏం చెయ్యాలో ఆమెకు తెలుస్తుందా? ఇలా రాయి: తలుపు వేసిన గదిలో పెద్దవాళ్ళెవరూ పిల్లతో ఒంటరిగా ఉండకూడదు, పాస్టరైనా, ఊరు చూడ్డానికొచ్చిన దాతైనా. యూనిఫాం మీద బడి పేరు కనిపించే ఫొటో బయటికి పోకూడదు. ఇలాంటివి తెలుగులో రాసి, డ్రైవరుతో సహా అందరి చేతా సంతకం పెట్టించు. మన సెంటర్లలో ఆడిట్‌కు వారం ముందు కూర్చుని ఫైళ్ళు నింపే అలవాటు ఒకటుంది. అది నీ దగ్గర మొదలు కానివ్వకు.

ఇక నాలుగో పేజీలో, "ఫిర్యాదు వచ్చినచో సంఘ పెద్దల సమక్షంలో పరిష్కరించబడును" అని ఉంది. పాత ఫైల్లోంచి కాపీ చేసినట్టున్నావు. ఈ రోజే తీసెయ్యి. పిల్ల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినా, జరగవచ్చని భయం కలిగినా పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. ముందు మన కమిటీ తేల్చుకున్నాక చూద్దాం అనే వెసులుబాటు అందులో లేదు. కింద పనిచేసేవాడు చేసినదాన్ని సంస్థ పెద్ద చెప్పకుండా ఉండిపోతే ఏడాది దాకా జైలు. చట్టం సంగతి అలా ఉంచు, పెద్దల్లో పెడితే ఏమవుతుందో మన ఊళ్ళలో పుట్టిన ఆడపిల్లవి, నీకు నేను చెప్పాలా? పరువు మాట వస్తుంది, పిల్లను అమ్మమ్మ ఊరికి పంపేస్తారు, వాడు మాత్రం అక్కడే ఉంటాడు. చైల్డ్‌లైన్ 1098 నంబరు పిల్లల కంటికి అందే ఎత్తులో గోడ మీద రాయించు. ఆఫీసు గదిలో కాదు.

చివరి పేజీ ఖాళీగా వదిలేశావు, నిధులు ఆగితే ఏం చేస్తామన్నది. 1968 నుంచి మన దేశంలో పనిచేసిన అమెరికా క్రైస్తవ సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్, ముందస్తు అనుమతి లేకుండా డబ్బు పంపకూడదని హోంశాఖ షరతు పెట్టాక, 2017 మార్చిలో ఇక్కడ మూసుకుపోయింది. దాదాపు 1,45,000 మంది పిల్లలకు సాయం ఆగింది. ఎవరిది తప్పన్న వాదనలోకి పోను. పిల్ల పదో తరగతి మధ్యలో ఉండగా డబ్బు ఆగితే ఆ ఏడాది ఎలా గట్టెక్కుతుందో మాత్రం రాయి. ఆధార్, కుల ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా మొదటి ఏడాదే చేయించేస్తే సంక్షేమ హాస్టల్ సీటుకైనా పనికొస్తాయి. యానాది కాలనీల పిల్లలకు ఇది ఇంకా ముందు చెయ్యాలి, చాలామందికి పుట్టిన తేదీ కాగితమే ఉండదు.

సవరించాక దాన్ని హెడ్డాఫీసుకు పంపే ముందు మీ ట్యూషన్ టీచరమ్మకు తెలుగులో చెప్పు. వారానికి ఇన్ని ఇళ్ళకు తిరగాలి, ఇన్ని రిజిస్టర్లు రాయాలి అని నువ్వు రాసినవన్నీ చెయ్యాల్సింది ఆమే కదా. "ఇది నావల్ల కాదండీ" అన్న ప్రతిచోటా పెన్సిల్ గీత పెట్టు. ఆ గీతలున్న కాపీయే నాకు పంపు, ఫెయిర్ కాపీ వద్దు. బడ్జెట్ మాత్రం ఎక్సెల్‌లో పంపు, పీడీఎఫ్ అయితే నేను దిద్దలేను.

అన్నయ్య