వలసల మీద పీజీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది నారాయణపేట దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి జాగ్రఫీతో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. జనాభా, వలసల పాఠం బాగా నచ్చిందట, అందులోనే పీజీ చేస్తానంటోంది. మేమేమో బీఈడీ చేయిద్దామనుకుంటున్నాం. ఆ చదువుకు ఉద్యోగాలుంటాయా? - ఒక తండ్రి

జవాబు: ఉంటాయి. కాకపోతే పాఠం నచ్చడం వేరు, అంకెలతో కుస్తీ పట్టడం వేరు. ఈ రంగంలో జీతమిచ్చేది రెండో దానికే.

అమ్మాయికి సబ్జెక్టు ఎంత పట్టుబడిందో చూడాలంటే ఒక ప్రశ్న అడగండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక్కో మహిళకు సగటున 1.8 మంది పిల్లలు. జనాభా తరతరానికీ నిలకడగా ఉండాలంటే సుమారు 2.1 ఉండాలి. మరి మన జనాభా వెంటనే ఎందుకు తగ్గిపోదు? చాలామంది విద్యార్థులు ఇక్కడే తడబడతారు. కారణం వయసుల్లో ఉంది. పాతికేళ్ల కిందట పుట్టినవాళ్లు ఎక్కువమంది, ఇప్పుడు వాళ్లే తల్లిదండ్రులవుతున్నారు. ఇంటికి ఒకరిద్దరే పుట్టినా అలాంటి ఇళ్లు ఎక్కువ కాబట్టి చనిపోయేవారికన్నా పుట్టేవారే ఎక్కువ. ఈ ఊపు చల్లారడానికి దశాబ్దాలు పడుతుంది. ఇది సొంత మాటల్లో చెప్పగలిగితే ఆమెకు దారి తెలిసినట్టే.

వలసల పాఠం మీ ఊళ్లోనే ఉంది. వానల్లేక, అప్పు తీరక ఊరు విడవడం వికర్షణ. ముంబయి, పుణెల్లో పని దొరకడం ఆకర్షణ. పుస్తకంలో ఇంతవరకే ఉంటుంది. మరి కూలీలను గుంపుగా పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రి చేతిలో పెట్టే అడ్వాన్సు ఏ ఖానాలోకి వస్తుంది? ఇంట్లోంచి తోసేదీ అదే, అక్కడికి లాగేదీ అదే. అది తీరేదాకా కదలనివ్వనిదీ అదే.

2011 జనగణన దేశంలో 45 కోట్ల మందికి పైగా వలస వచ్చినవారున్నారని చెప్పింది. వారిలో అన్నిటికన్నా పెద్ద వాటా పెళ్లితో ఊరు మారినవారిది, అంటే ఎక్కువగా మహిళలది. మీ ఇంట్లోవాళ్లు పక్క మండలం నుంచి వచ్చి ఉంటే వాళ్లూ ఆ లెక్కలో ఉన్నట్టే. పండుగ దాటాక వెళ్లి తొలకరికి తిరిగొచ్చే కూలీ మాత్రం ఆ లెక్కలోంచి జారిపోతాడు. అందుకే 2007-08 జాతీయ నమూనా సర్వేలో పనికోసం నెలకు తగ్గకుండా, ఆరు నెలల లోపు బయట ఉన్నవారిని విడిగా లెక్కించారు. నిర్వచనం ఒక్కటి మారితే మనుషులే కనబడకుండా పోతారు. ఈ పనికి మీ అమ్మాయిలాంటివాళ్లు రావాలని నేను గట్టిగా కోరుకుంటాను. వలస వెళ్లినవాళ్లు తాళం వేసిన ఇళ్లు ఆమె కళ్లతో చూసింది కదా.

చదువుకు ముంబయిలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ (ఐఐపీఎస్) మొదటి పేరు. 1956 నుంచి ఉంది, కుటుంబ ఆరోగ్య సర్వే నడిపేది అదే. తర్వాత సర్వే సంస్థలు, ఆరోగ్య పథకాల పర్యవేక్షణ, స్వచ్ఛంద సంస్థల్లో పనులుంటాయి. కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో పాపులేషన్ స్టడీస్ (జనాభా అధ్యయనం) సబ్జెక్టు ఉంది. సర్వే ఉద్యోగాలు చాలావరకు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే, ఆ టెన్షన్‌కు ముందే సిద్ధపడాలి. ఎక్సెల్, స్టాటిస్టిక్స్ ఇప్పట్నుంచే నేర్చుకోవాలి. బీఈడీ పీజీ తర్వాతైనా చేయొచ్చు.

ఈ సెలవుల్లో ఊళ్లో తాళం వేసిన ఇళ్లు లెక్కపెట్టమనండి. ఎవరెవరు వెళ్లారు, ఏ నెలలో వెళ్లారు, పిల్లల్ని తీసుకెళ్లారా అని పక్కింటివాళ్లను అడిగి రాసుకోమనండి. రెండు వారాల తర్వాత కూడా ఆ పని మీద ఇష్టం తగ్గకపోతే అప్లికేషన్ పెట్టించండి.